మన ఇంటి వైఫైకి తాళం ఎందుకు వెయ్యాలి, ఎలా వెయ్యాలి?



ఇప్పుడు మన పిల్లల ఇళ్ళల్లో చాలామందికి వైఫై ఉంది. హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంది, కరెంటు బిల్లు ఫోన్లోనే కడతాం, ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడతాం. నెట్ పెట్టే అబ్బాయి వచ్చి, రూటర్ గోడకు బిగించి, ఏదో ఒక పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ డబ్బా సంగతి ఎవరికీ పట్టదు. నెట్ ఆగిపోయినప్పుడే దాని వైపు చూస్తాం.

ఈ వ్యాసం ఆ డబ్బా గురించే. చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. నెట్ బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో, ఆ నెట్ మీద జరిగే ప్రతి పనికీ మొదట జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళే. వాడింది ఇంకెవరైనా సరే. అందుకని మన వైఫైని ఎవరు వాడుతున్నారో మనకు తెలిసి ఉండాలి. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు. పిల్లలు, పెద్దలు కలిసి కూర్చుంటే అరగంటలో అయిపోయే పని.

2008లో మన నవీ ముంబయిలో జరిగింది

2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుసగా బాంబులు పేలాయి. 50 మందికి పైగా చనిపోయారు. పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు, మేమే చేస్తున్నామని చెప్తూ టీవీ చానళ్ళకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో పోలీసులు వెతికారు. ఆ దారి నవీ ముంబయిలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ దగ్గరికి చేరింది.

ఆ ఫ్లాట్‌లో ఉన్నది ఉద్యోగం కోసం వచ్చిన ఒక అమెరికా దేశస్థుడు. పోలీసులు ఇంట్లో కంప్యూటర్లు తీసుకెళ్ళారు, ఆయన్ని ప్రశ్నించారు, పేరు దేశమంతా పేపర్లలో వచ్చింది. తీరా చూస్తే ఆయన వైఫైకి సరైన భద్రత లేదు. బయటివాళ్ళు దాన్ని వాడుకుని మెయిల్ పంపారన్నది దర్యాప్తులో బయటపడింది.

అది ఒక్కసారితో ఆగలేదు. అదే ఏడాది ఆగస్టులో మాటుంగాలోని ఒక కాలేజీ వైఫై నుంచి, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ళప్పుడు చెంబూరులోని ఒక కంపెనీ వైఫై నుంచి ఇలాంటి మెయిళ్ళే వెళ్ళాయి. ఆ మూడు చోట్లా వైఫై సొంతదారులకు ఆ మెయిళ్ళ సంగతే తెలియదు. కానీ పోలీసులు మొదట వచ్చింది వాళ్ళ తలుపు దగ్గరికే.

ఆ తర్వాత 2009 జనవరిలో ముంబయి పోలీసులు పాస్‌వర్డ్ లేని వైఫైల కోసం బయల్దేరారు. అలాంటిది కనబడితే దాని సొంతదారుకు నోటీసు ఇస్తామన్నారు. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ కూడా వైఫై భద్రత గురించి ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలు ఇచ్చింది. ఇదంతా ఎక్కడో జరిగిన కథ కాదు. మనం రోజూ లోకల్ ట్రైన్‌లో దాటిపోయే స్టేషన్ల పక్కనే జరిగింది.

పోలీసులకు మన ఇల్లే ఎందుకు దొరుకుతుంది?

ఇంటర్నెట్‌లోకి వెళ్ళే ప్రతి కనెక్షన్‌కూ ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రసు అంటారు. మన ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్ ఉన్నా, అవన్నీ రూటర్ గుండానే బయటికి పోతాయి. అందుకని బయటివాళ్ళకు అన్నిటికీ కలిపి ఒకే నంబరు కనబడుతుంది.

పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక ఇంట్లో పదిమంది ఉన్నారనుకోండి. ఎవరు ఉత్తరం రాసినా కవరు వెనక ఆ ఇంటి డోర్ నంబరు మాత్రమే వేస్తారు, రాసినవాళ్ళ పేరు వెయ్యరు. ఉత్తరం అందుకున్నవాళ్ళకు ఇల్లు తెలుస్తుంది, మనిషి తెలియడు. ఇప్పుడు పదకొండో మనిషి ఎవరో మన ఇంట్లోకి చెప్పకుండా వచ్చి, మన కవరు మీదే ఉత్తరం రాసి వెళ్ళిపోతే? దాని మీద కూడా మన డోర్ నంబరే ఉంటుంది.

ఫలానా రోజు ఫలానా సమయానికి ఆ నంబరు ఏ కస్టమర్ దగ్గర ఉందో నెట్ కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. అలాంటి రికార్డుల్ని కనీసం రెండేళ్ళు దాచి ఉంచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు షరతుల్ని మార్చింది. అంటే ఏడాది కిందట ఎవరో మన వైఫై మీద చేసిన పనికి ఇవాళ పిలుపు రావచ్చు. అప్పుడు "ఆ రోజు మా నెట్ వాడింది ఎవరో మాకు తెలియదు సార్" అని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకా ఏయే నష్టాలు ఉన్నాయి?

పోలీసు కేసు దాకా పోయేవి అరుదే. రోజూ జరిగే నష్టాలు వేరే ఉన్నాయి.

1. నెట్ నెమ్మదిస్తుంది. పక్క ఖోలీలో ఎవరో మన వైఫై మీద సినిమాలు దించుకుంటుంటే, మన పిల్లల ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతుంది. మనం కంపెనీకి ఫోన్ చేసి తిట్టుకుంటాం.

2. నెలకు ఇన్ని జీబీలే అని లెక్క ఉన్న ప్లాన్ అయితే మన వాటా ముందే అయిపోతుంది.

3. వైఫైలోకి వచ్చినవాడు దాదాపు మన ఇంట్లోకి వచ్చినట్టే. టీవీ, ప్రింటర్, సీసీటీవీ కెమెరా, షేర్ చేసిన ఫోల్డర్లు అతనికి కనబడే వీలుంది. కెమెరాకు పాస్‌వర్డ్ మార్చకపోతే లోపలి దృశ్యాలు కూడా చూడగలడు.

4. రూటర్ సెట్టింగ్స్‌లోకే దూరితే ఇంకా ప్రమాదం. మనం బ్యాంకు పేరు కొడితే అచ్చం అలాగే ఉండే దొంగ పేజీకి తీసుకుపోయేలా మార్చగలడు. బ్రౌజర్ "ఈ సైట్ సురక్షితం కాదు" అని హెచ్చరిక చూపిస్తే దాటుకుని ముందుకు పోవద్దని చెప్పేది ఇందుకే.

5. మన రూటర్‌నే ఆయుధంగా వాడుకోవచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాం లక్షల కొద్దీ రూటర్లలో, కెమెరాల్లో చేరింది. దాని దగ్గర ఉన్నది పెద్ద మంత్రమేమీ కాదు. కంపెనీలు ముందుగా పెట్టి అమ్మే యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతలు 60కి పైగా రాసుకున్న జాబితా, అంతే. ఎవరూ మార్చరన్న నమ్మకంతో ఒక్కొక్కటే కొట్టి చూసింది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ డబ్బాలన్నీ కలిసి చేసిన దాడితో అమెరికాలో ఎన్నో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ డబ్బాల సొంతదారులకు ఏం జరిగిందో కూడా తెలియదు.

మన ఇంటి గోడ చాలదా?

చాలదు. వైఫై అంటే రేడియో అలలే. తలుపు మూసినా గోడ దాటి పోతాయి. మామూలు రూటర్ సిగ్నల్ గోడలు అడ్డున్నా సుమారు 30 మీటర్ల దూరం పోవచ్చు. చాల్‌లో అయితే అది ఎన్ని ఇళ్ళో లెక్క వేసుకోండి. బిల్డింగ్‌లో పైన, కింద, పక్కన ఉన్న ఫ్లాట్లకు, మెట్ల దగ్గరికి, కింద ఆగి ఉన్న బండి దాకా కూడా అందుతుంది. మీ ఫోన్లో వైఫై జాబితా తెరవండి. అందులో మీకు ఎన్ని పేర్లు కనబడుతున్నాయో, దాదాపు అంతమందికి మీ పేరూ కనబడుతోంది.

తాళాల్లో రకాలు

రూటర్ సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ" అన్న చోట కొన్ని పేర్లు కనబడతాయి. అన్నీ తాళాలే, కానీ అన్నీ గట్టివి కావు.

ఓపెన్: తాళమే లేదు. ఎవరైనా రావచ్చు.

డబ్ల్యూఈపీ: 1997 నాటిది. దీంట్లో లోపం ఉందని 2001లోనే పరిశోధకులు చూపించారు. 2007 నాటికి నిమిషం లోపే విరగ్గొట్టి చూపించారు. పాత రూటర్లో ఇది కనబడితే లేనట్టే లెక్క.

డబ్ల్యూపీఏ: 2003లో వచ్చింది. పై తాళం విరిగిపోయిందని తెలిశాక తొందరలో చేసిన ఏర్పాటు. ఇప్పుడు వాడకూడదు.

డబ్ల్యూపీఏ2: 2004 నుంచి ఉంది. పాస్‌వర్డ్ గట్టిదైతే ఇంటికి ఇది సరిపోతుంది. పక్కన "ఏఈఎస్" అని ఉన్నదాన్నే ఎంచుకోండి, "టీకేఐపీ" వద్దు.

డబ్ల్యూపీఏ3: 2018లో వచ్చింది. అన్నిటికంటే మంచిది. మీ రూటర్లో ఉంటే ఇదే పెట్టండి. ఇంట్లో పాత ఫోన్లు దీనికి కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉన్నది పెట్టండి.

ఇంకొకటి ఉంది, డబ్ల్యూపీఎస్. రూటర్ మీద బటన్ నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండా ఫోన్ కలిసిపోతుంది. దీనికే 8 అంకెల పిన్ పద్ధతి కూడా ఉంది. 8 అంకెలు అంటే 10 కోట్ల రకాలు కదా, ఎవరు ఊహించగలరు అనుకుంటాం. కానీ రూటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది. మొదటి నాలుగు అంకెలకు 10,000 రకాలు. రెండో సగంలో చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి వచ్చేదే కాబట్టి 1,000 రకాలు. మొత్తం 11,000 సార్లు ప్రయత్నిస్తే చాలు. ఈ లోపం 2011లో బయటపడింది. కాబట్టి డబ్ల్యూపీఎస్ ఆపెయ్యడమే మేలు.

పాస్‌వర్డ్ లెక్క

పెద్ద తరగతుల పిల్లలు ఈ లెక్క చేసి చూడండి.

మన ఫోన్ వైఫైలో చేరేటప్పుడు రూటర్‌తో కొన్ని మాటలు మార్చుకుంటుంది. దగ్గరలో ఉన్నవాడు ఆ మాటల్ని రికార్డు చేసుకుని, ఇంటికి పోయి, తన కంప్యూటర్ మీద తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించవచ్చు. డబ్ల్యూపీఏ2లో ఉన్న బలహీనత ఇదే. మన రూటర్‌కు దాని చప్పుడే తెలియదు. గేములు ఆడుకునే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు కొన్ని లక్షల ఊహలు పరీక్షించగలదు. 5 లక్షలు అనుకుందాం.

పుట్టినరోజు: తేదీ, నెల, సంవత్సరం కలిపి 8 అంకెలు. వందేళ్ళలో ఉన్నవి సుమారు 36,500 రోజులే. సెకను కూడా పట్టదు.

ఏవో 8 అంకెలు: 10 కోట్ల రకాలు. 200 సెకన్లు, అంటే మూడున్నర నిమిషాల లోపే.

మొబైల్ నంబరు: 10 అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. 400 కోట్ల రకాలు. 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలు కూడా పట్టవు. పైగా మీ నంబరు పక్కింటివాళ్ళకు ముందే తెలుసు.

చాలా ఇళ్ళల్లో వైఫై పాస్‌వర్డ్ మొబైల్ నంబరే. నెట్ పెట్టిన అబ్బాయే అలా పెట్టి పోతాడు. ఇవాళే మార్చండి.

మరి ఏం పెట్టాలి? మన పిల్లలకు ఒక మంచి ఉపాయం. మీ తెలుగు వాచకం తీసుకోండి. కళ్ళు మూసుకుని ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టండి. వేలు పడ్డచోట ఉన్న మాట రాసుకోండి. ఇలా ఐదుసార్లు చెయ్యండి. నిచ్చెన, చింతపండు, ఏనుగు, వాకిలి, గొడుగు లాంటి పొంతన లేని ఐదు మాటలు వస్తాయి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతలు పెట్టి రాయండి. పైన చెప్పిన ఐదూ మాత్రం పెట్టుకోవద్దు, అవి ఇప్పుడు అందరికీ తెలిసిపోయాయి.

వాచకంలో 5,000 వేర్వేరు మాటలు ఉన్నాయనుకుందాం. నాలుగు మాటలకు 5,000ను నాలుగుసార్లు హెచ్చవేస్తే 625 లక్షల కోట్ల రకాలు. పై కంప్యూటర్‌కు అన్నీ చూడ్డానికి సుమారు 40 ఏళ్ళు పడుతుంది. ఐదో మాట కలిపితే ఇంకో 5,000 రెట్లు, అంటే సుమారు 2 లక్షల ఏళ్ళు. అవి మీకు మీరుగా ఎంచుకున్న మాటలు కాకుండా, వేలు పడ్డ మాటలే కావాలి. మనుషులు ఎంచుకుంటే దేవుడి పేరు, పిల్లల పేరు, సొంత ఊరి పేరే పెడతారు. ఊహించేవాడు మొదట చూసేది కూడా అవే.

ఒక్క జాగ్రత్త. "ఏనుగు"ను ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అందుకని ఒక్క స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, కాగితం మీద రాసి, ఇంట్లో రేషన్ కార్డు పెట్టే చోట దాచండి. గోడ మీద అంటించొద్దు.

అరగంటలో చెయ్యాల్సిన పనులు

పిల్లలు స్క్రీన్ చదివి చెప్పండి. పెద్దలు పక్కన కూర్చుని ఒప్పుకున్నాకే మార్చండి. కనెక్షన్ పెద్దల పేరు మీద ఉంది కదా.

1. రూటర్ కింద లేదా వెనక ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద వైఫై పేరు, పాస్‌వర్డ్, సెట్టింగ్స్ పేజీ అడ్రసు ఉంటాయి. అడ్రసు చాలావరకు 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ. ఇంటి వైఫైలో ఉండి, ఫోన్ బ్రౌజర్లో ఆ అంకెలు కొడితే పేజీ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీలకు యాప్ ఉంటుంది, అందులో ఇంకా తేలిక.

2. మొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ వేర్వేరు. మొదటిది ఇంట్లోకి వచ్చే తాళం, రెండోది ఆ తాళాన్నే మార్చే అధికారం. రెండిటికీ ఒకటే పెట్టొద్దు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీకు తెలియకపోతే నెట్ కంపెనీని అడగండి.

3. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి.

4. కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టండి.

5. వైఫై పేరులో మీ పేరు, ఫ్లాట్ నంబరు లేకుండా చూసుకోండి. ఏ సిగ్నల్ ఏ ఇంటిదో దారిన పోయేవాళ్ళకు మనమెందుకు చెప్పాలి?

6. డబ్ల్యూపీఎస్, రిమోట్ మేనేజ్‌మెంట్ రెండూ ఆపండి.

7. "ఫర్మ్‌వేర్ అప్‌డేట్" ఉంటే చెయ్యండి. 2017లో డబ్ల్యూపీఏ2లోనే ఒక లోపాన్ని బెల్జియంలోని ఒక విశ్వవిద్యాలయం పరిశోధకుడు బయటపెట్టాడు. అప్‌డేట్ చేసుకున్నవాళ్ళకు ఆ బెడద పోయింది. ఫోన్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

8. ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, కెమెరా అన్నిటికీ కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. పాతది పనిచెయ్యదు. అందుకని ఏమేం కలిసి ఉన్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

ఒక హెచ్చరిక. రూటర్ వెనక సూది పట్టేంత రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కంపెనీవాళ్ళు పెట్టిన సెట్టింగ్స్ కూడా పోయి నెట్ ఆగిపోవచ్చు. కంపెనీని అడక్కుండా దాన్ని ముట్టుకోవద్దు.

పక్కింటివాళ్ళు అడిగితే?

ఇది అసలు చిక్కు. మన చాల్‌లలో ఉప్పు, పప్పు ఇచ్చిపుచ్చుకున్నట్టే వైఫై కూడా ఇచ్చుకుంటాం. అందులో తప్పేమీ లేదు.

నా సంగతే చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో పక్కింటి పదో తరగతి అమ్మాయికి క్లాసుల కోసం మా వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆ పిల్ల పరీక్ష పాసైంది, సంతోషం. రెండేళ్ళ తర్వాత నెట్ మరీ నెమ్మదిగా ఉందని రూటర్ జాబితా తెరిచి చూశాను. మా ఇంట్లోవి నాలుగు. జాబితాలో ఉన్నవి పదకొండు. ఆ అమ్మాయి వాళ్ళ బాబాయికి చెప్పింది, బాబాయి స్నేహితుడికి చెప్పాడు, కింది దుకాణంలో పిల్లవాడికి కూడా తెలిసింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఆ ఏడు ఫోన్లలో మూడింటి సొంతదారులు ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. వాళ్ళలో ఒక్కరు ఏ పిచ్చి పని చేసినా పోలీసులు కొట్టేది మా ఇంటి తలుపే. కంప్యూటర్ పాఠాలు చెప్పే నాకే ఇలా జరిగింది.

అప్పుడు చేసిన పని ఇది. పాస్‌వర్డ్ మార్చి, "గెస్ట్ నెట్‌వర్క్" పెట్టాను. ఈ సౌకర్యం ఇప్పుడు చాలా రూటర్లలో ఉంటుంది. అది అదే రూటర్ నుంచి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో వచ్చే రెండో వైఫై. దాంట్లో ఉన్నవాళ్ళకు నెట్ వస్తుంది, మన టీవీ, కెమెరా, కంప్యూటర్ కనబడవు. పరీక్షలప్పుడు తెరిచి, తర్వాత ఆపెయ్యవచ్చు. కానీ గుర్తుంచుకోండి, గెస్ట్ నెట్‌వర్క్ మీద చేసిన పనికి కూడా బయట కనబడేది మన నంబరే. కాబట్టి మొహం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. పాస్‌వర్డ్ నోటితో చెప్పకుండా, మీ చేత్తో వాళ్ళ ఫోన్లో కొట్టి ఇవ్వండి. నెలకోసారి మార్చండి. చదువుకునే పిల్లకు సాయం ఆపాల్సిన పని లేదు. ఎవరికి సాయం చేస్తున్నామో తెలిస్తే చాలు.

పిల్లలకు ప్రత్యేకంగా

పక్కింటి వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టడం తెలివి అనుకుంటారు కొందరు. అది నేరం. సొంతదారు అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ చొరబడటం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కింద తప్పు. మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "వైఫై హ్యాక్ చేసే యాప్" అని దొరికేవి చాలావరకు మీ ఫోన్లోని విషయాలు ఎత్తుకుపోయేవే.

ఇంటి పాస్‌వర్డ్ స్నేహితులకు చెప్పొద్దు. క్లాసులో, గ్రూపులో అసలే పెట్టొద్దు. ఫోన్ హాట్‌స్పాట్ కూడా చిన్న వైఫైయే. దానికీ పాస్‌వర్డ్ ఉండాలి, పని అయ్యాక ఆపాలి.

స్టేషన్లో ఉచిత వైఫై వాడేటప్పుడు ఫోన్ నంబరు, ఓటీపీ ఎందుకు అడుగుతారో ఎప్పుడైనా ఆలోచించారా? 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో రైల్వే ఉచిత వైఫై మొదలైనప్పటి నుంచి ఇదే పద్ధతి. వాడుతున్నది ఎవరో నమోదు కావాలి. రైల్వేకే ఆ జాగ్రత్త కావాల్సి వస్తే మన ఇంటికి అక్కర్లేదా? అలాంటి చోట్ల అదే పేరుతో దొంగ వైఫై కూడా ఎవరైనా పెట్టవచ్చు. డబ్బు పంపడం, బ్యాంకు పనులు అక్కడ చెయ్యొద్దు, మొబైల్ డేటా వాడండి.

తరచూ వచ్చే సందేహాలు

వైఫై పేరు దాచేస్తే సరిపోదా?
సరిపోదు. పేరు కనబడకపోయినా సిగ్నల్ ఉంటుంది. దాన్ని పట్టే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. తలుపు మీద నేమ్‌ప్లేటు తీసేసినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు.

నాకు దాచుకునేది ఏమీ లేదు, నాకెందుకు భయం?
సాన్‌పాడాలో ఉన్నాయన కూడా దాచుకున్నది ఏమీ లేదు.

ఎవరో వాడుతున్నారని ఎలా తెలుస్తుంది?
రూటర్ పేజీలో "కనెక్టెడ్ డివైసెస్" అని జాబితా ఉంటుంది. పేర్లు వింతగా ఉండవచ్చు. ఇంట్లో ఒక్కొక్క ఫోన్ వైఫై ఆపుతూ జాబితాలో ఏది పోతోందో చూడండి. అన్నీ ఆపాక కూడా ఏదైనా మిగిలితే, టీవీ, కెమెరా కూడా కాకపోతే, అది బయటిది. వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

పోలీసుల నుంచి పిలుపు వస్తే?
కంగారు పడి రూటర్ రీసెట్ చెయ్యొద్దు, ఫోన్లో ఏమీ చెరిపెయ్యొద్దు. మీరు చెప్పేది నిజమని చూపించే రికార్డు కూడా వాటిలోనే ఉండవచ్చు. తెలిసినవాళ్ళను, వీలైతే వకీలును వెంటబెట్టుకుని వెళ్ళండి. కానీ ఫోన్లోనే "అరెస్టు చేస్తాం, డబ్బు పంపు" అన్నవాళ్ళు మోసగాళ్ళే.

మోసం జరిగి డబ్బు పోతే?
వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అది దేశమంతటికీ ఉన్న సైబర్ నేరాల హెల్ప్‌లైన్. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. బ్యాంకుకు కూడా చెప్పండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ ఆదివారం పని

పిల్లలూ, ఈ ఆదివారం అమ్మతో గానీ నాన్నతో గానీ కూర్చుని పై ఎనిమిది పనులు పూర్తి చెయ్యండి. చేసిన పనికి నోట్‌బుక్‌లో టిక్కు పెట్టి, పెద్దల సంతకం తీసుకుని సోమవారం తీసుకురండి. ఎక్కడైనా ఆగిపోతే, ఆగిన చోటు రాసుకుని వచ్చి కంప్యూటర్ పీరియడ్‌లో అడగండి.

కొత్త పాస్‌వర్డ్ మాత్రం నోట్‌బుక్‌లో రాయొద్దు. టీచర్లు అడిగినా చెప్పొద్దు.